ముందు తలుపు

మా ఇంటిని అమ్మిపెట్టే కంపెనీవాళ్ళు అచ్చేసిన రంగుల కాగితంలో నేనుండే చోటును అనెక్సు అని రాశారు. ముప్ఫై ఎనిమిదేళ్ళుగా అందులో ఉంటున్నాను గానీ, నా బతుకు ఇంత దర్జాగా వెలుగుతోందని నాకే తెలియదు. పెద్దింటిని ఆనుకుని ఉన్న ఆ గదిని మేం పాలగది అంటాం. మా అమ్మ అందులోనే వెన్న చిలికేది. మా తమ్ముడు విల్ఫ్, గ్లెనిస్‌ను పెళ్ళి చేసుకుని తెచ్చుకున్న ఏడు, ఆరు పడకగదుల ఇల్లయినా ఒక వంటగదిలో ఇద్దరు ఆడవాళ్ళు ఇమడరని నాన్న తేల్చేశాడు. పాలగదికి ఒక పొయ్యి, ఒక స్నానాలగది తగిలించి నన్ను అందులోకి పంపాడు. పాల గిన్నెలు పెట్టుకునే రాతి అరలు ఇప్పటికీ అలాగే ఉన్నాయి. జూలైలో కూడా వాటి మీద చెయ్యి పెడితే జివ్వుమంటుంది.

పెద్దిల్లు మా ముత్తాత కట్టించింది. రాణిగారి కాలంలో, ఉన్నికి మంచి ధర పలికిన రోజుల్లో, ఊళ్ళో అందరి కంటా పడాలని ఎర్ర ఇటుకతో ఎత్తుగా లేపాడు. రెండు మెట్లదారులు, ఎకరం తోట, తోట చివర డామ్సన్ పళ్ళ చెట్లు. హాలిన్స్ అనే ఈ ఇల్లంటే ష్రాప్‌షైర్ కొండల్లో ఈ వైపు తెలియనివాళ్ళు లేరు. ఇప్పుడు విల్ఫ్‌కి మోకాళ్ళు పోయాయి. గొర్రెల్ని అమ్మేశాడు. పిల్లల్లేరు. మెట్లు లేని చిన్న ఇంటికి మొగుడూపెళ్ళాలు మారిపోతున్నారు. నాకు లడ్లో పట్నంలో, ముసలివాళ్ళకిచ్చే ఒక గది దొరికింది.

ఇల్లు పోతోందని ఏడుస్తున్నాననుకోకండి. తుడిచినకొద్దీ దుమ్మొచ్చే ఇల్లు, పోతే పోనీ. నా బాధల్లా వేరు. నలభై మూడేళ్ళ కిందట ఎడ్గర్ ట్రాంటర్ అనే మనిషి ఒక ఆదివారం వస్తానని చెప్పి రాలేదు. ఎందుకు రాలేదో తెలుసుకోకుండా ఈ గుమ్మం దాటిపోవాలంటే నాకు ప్రాణం ఒప్పడంలేదు. ఇక్కడ ఉన్నన్నాళ్ళూ కనీసం ఎదురుచూడటానికి ఒక చోటుంది. లడ్లోలో మూడో అంతస్తు గదికి ఎవరొస్తారని చూడను?

ఎడ్గర్ దడి కట్టేవాడు. ముళ్ళచెట్లు పొడుగ్గా పెరిగి కింద సందులు పడితే గొర్రెలు దూరిపోతాయి కదా, అలాంటి దడిని చలికాలంలో సరిచేస్తారు. అతను మా దగ్గర పనికొచ్చిన ఏడే ఆ పెద్ద చలి పడింది. క్రిస్మస్ మర్నాడు మొదలైన మంచు మార్చి దాకా కరగలేదు. దడి పని ఆగిపోయింది. అయినా అతను రోజూ రెండు మైళ్ళు మంచులో నడిచొచ్చి, మంచు కింద కూరుకుపోయిన గొర్రెల్ని మాతోపాటు తవ్వి తీశాడు. పెరటి తలుపు దగ్గర బూట్లు విప్పి, పొయ్యి దగ్గర చేతులు కాచుకుంటూ, అమ్మ పోసిన టీ తాగి, ఒక్క మాట మాట్లాడకుండా వెళ్ళిపోయేవాడు. నాకు ఇరవై నాలుగేళ్ళు. ఆ మౌనమంతా నాతో మాట్లాడుతున్నట్టే ఉండేది.

మంచు కరిగాక తోట దడి మొదలుపెట్టాడు. నేను టీ పట్టుకెళ్ళి నిలబడేదాన్ని.

"పూర్తిగా నరక్కూడదు. ఇదిగో, ఈ కాస్త బెరడు ఉంచాలి. ఉంచి, ఇలా వంచి పడుకోబెట్టాలి. చచ్చిపోయిందనుకుంటాం. ఏప్రిల్లో చిగురేస్తది" అన్నాడు ఒకరోజు. అంత పొడుగు మాట అతని నోట అదే మొదటిసారి వినడం.

దడి పూర్తయిన రోజు, నాకు వీపు పెట్టి కత్తి తుడుచుకుంటూ అడిగాడు.

"వచ్చే ఆదివారం వస్తా. పద్ధతిగా వస్తా. ఇంట్లోనే ఉంటావుగా?"

"ఇంకెక్కడికి పోతాను?" అన్నాను.

ఆ ఆదివారం పెరటి మెట్టు రెండుసార్లు కడిగాను. నిరుడు సీసాల్లో నిలవపెట్టిన డామ్సన్ పళ్ళతో టార్ట్ కాల్చాను. వంటగదిలో పెరటి తలుపుకి ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చున్నాను. ఏదో కుడుతున్నట్టు చేతిలో ఒక మేజోడు. పొద్దు వాలింది. అతను రాలేదు. వానొచ్చిందేమో అని సరిపెట్టుకోవడానికి చుక్క వాన కూడా లేదు. తరవాతి ఆదివారమూ అలాగే కూర్చున్నాను. మూడో ఆదివారానికి, అతను లింకన్‌షైర్‌లో పినతండ్రి కొడుకు దగ్గర పనికి కుదిరాడని, మేం ప్రార్థనకెళ్ళే చాపెల్లో ఎవరో అన్నారు. రెండేళ్ళకు పెళ్ళి కబురు పేపర్లో చదివాను. చదివి, ఆ పేపరే పొయ్యిలో పెట్టి నిప్పు రాజేశాను.

ఒక ఉత్తరం రాసి అడగొచ్చు కదా అంటారా? మా వాళ్ళకి అడగడం చేతకాదు. ఇల్లు తగలబడుతుంటే పక్కింటివాణ్ణి నీళ్ళు అడగడానికి కూడా ముందు వాళ్ళ కుక్క ఆరోగ్యం కనుక్కుంటాం.

సరే, ఇల్లు చూడటానికి జనం రావడం మొదలైంది. అప్పుడు ముందు తలుపు గొడవ వచ్చిపడింది. మా వైపు పల్లెల్లో ముందు తలుపు ఎవరూ వాడరు. పెళ్ళికూతురు బయటికెళ్ళాలి, లేదా శవం బయటికెళ్ళాలి, అప్పుడే దాన్ని తెరుస్తారు. పశువుల డాక్టరు, పోస్టుమాన్, మేనత్తలు, అందరూ పెరట్లోంచే. ముందు తలుపు తట్టాడంటే వాడు దారి తప్పినవాడన్నా అయుండాలి, మనకేదో అంటగట్టడానికి వచ్చినవాడన్నా అయుండాలి. కంపెనీ వాళ్ళేమో కొనేవాళ్ళని ముందు నుంచే తీసుకురావాలన్నారు. నాన్న పోయినప్పుడు తెరిచిన తలుపు, ఉబ్బి బిగుసుకుపోయింది. విల్ఫ్ రెండు రోజులు దానితో కుస్తీ పట్టాడు.

"అక్కా, నీకు పెళ్ళయ్యుంటే ఈ తలుపు ఇంత మొరాయించేది కాదే" అన్నాడు చెమట తుడుచుకుంటూ.

"నువ్వు చస్తే తెరుద్దామని ఆగాను. నువ్వా చావవు" అన్నాను.

మే నెల శనివారం, అంటే ఇవాళ పొద్దున, గ్లెనిస్ పాలగది కిటికీ కొట్టింది.

"వదినా, ఇల్లు చూసేవాళ్ళొచ్చారు. నీ గదే కావాలిట వాళ్ళకి ముఖ్యంగా. మంచం మీద ఆ బట్టలు తీసెయ్."

వెనకాలే నలభై ఏళ్ళావిడ చేతిలో కొలతల టేపుతో వచ్చింది. పేరు జూడిత్ అని చెప్పింది. "మా అమ్మ పోయిందండీ. నాన్నని ఒక్కణ్ణీ వదల్లేం. మాతోపాటు ఉన్నట్టుండాలి, ఆయన గది ఆయనకుండాలి. అందుకే ఇక్కడికి దగ్గర్లో అద్దెకుంటూ, అనెక్సున్న ఇల్లు వెతుకుతున్నాం" అంది. ఆమె పక్కకి జరిగింది. గుమ్మంలో ఒక ముసలాయన టోపీ చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. మొహం నేను గుర్తుపట్టలేదు. చేతులు గుర్తుపట్టాను. ముళ్ళు గీరిన మచ్చలు ఏ వయసులోనూ పోవు.

"మీరు ఓల్వెన్ గారు కదండీ" అన్నాడు.

"ఆఁ. మీరు దడి పనికొచ్చేవారు" అన్నాను. దేవుడా, నా నోట వచ్చిన మొదటి మాట అది.

గ్లెనిస్ జూడిత్‌ను పై గదులు చూపించడానికి తీసుకుపోయింది. మేమిద్దరం మిగిలాం. అతను రాతి అర మీద చెయ్యి పెట్టి, తీసేశాడు.

"చల్లగా ఉంటుంది. మోకాళ్ళకి మంచిది కాదు. ఆలోచించుకుని తీసుకోండి" అన్నాను.

"మీరు ఎప్పుడూ ఇక్కడే ఉన్నారా?"

"ఎవరో వస్తానన్నారు. ఉన్నాను."

అనేశాను. అన్నాక నాలుక్కరుచుకుని లాభమేముంది. అతను టోపీని చేతుల్లో తిప్పాడు. ఒక చుట్టు, రెండు చుట్లు.

"వచ్చాను కదండీ" అన్నాడు.

"ఎక్కడికి?"

"ముందు తలుపు దగ్గరికి."

"ముందు తలుపుకా! మతిగాని పోయిందా నీకు? ఆ చలికాలమంతా పెరట్లోంచే కదా తగలడ్డావ్!"

"అది పనికి." అతని గొంతు కూడా మారిపోయింది. "పనికి పెరట్లోంచి వస్తారు. పిల్లనడగడానికి పెరట్లోంచి వస్తారా ఎవరైనా? మా అమ్మ మరీమరీ చెప్పింది. మా అన్న సూటు వేసుకుని వచ్చా. పద్ధతిగా వస్తానని నీతో చెప్పానుగా. మూడుసార్లు తట్టా. లోపల ఉన్నారని తెలుసు నాకు. నవ్వు వినపడింది." ఆగాడు. "నీ నవ్వు."

అప్పుడు గుర్తొచ్చింది నాకు. నలభై మూడేళ్ళలో ఒక్కసారి కూడా గుర్తురానిది, ఎందుకంటే అది గుర్తుపెట్టుకోదగ్గ సంగతే కాదు. ఆ వసంతంలో పెద్ద చర్చికి కొత్త పాదిరి వచ్చాడు. చాపెల్‌కి పోయే మాలాంటివాళ్ళని తనవైపు లాక్కోవాలని ఆదివారాలు ఇల్లిల్లూ తిరిగేవాడు. కూర్చుంటే రెండు గంటలు లేవడు, కేకు మొత్తం తినేస్తాడు. ఆ రోజు నాలుగింటికి ముందు తలుపు చప్పుడైతే అమ్మ "పాదిరే! ఎవరూ కదలకండి!" అంది. నాన్నతో సహా అందరం వంటగది బల్ల కిందికి వంగాం. విల్ఫ్‌కి పద్దెనిమిదేళ్ళు, కోతి వెధవ, పాదిరిలా ముక్కుతో మాట్లాడుతూ "ఇంకొక్క ముక్క పెట్టండి తల్లీ" అన్నాడు. నేను నడుముకి కట్టుకున్న వంట గుడ్డ నోట్లో కుక్కుకుని నవ్వాను. తలుపు చప్పుడు ఆగింది. హమ్మయ్య అనుకుని లేచి, నేను నా కుర్చీలో కూర్చున్నాను. పెరటి తలుపు వైపు తిరిగి ఎదురుచూడసాగాను.

ఇదంతా అతనికి చెప్పాను. ఎలా చెప్పానో తెలియదు. చచ్చిన అమ్మ మీద, బతికున్న విల్ఫ్ మీద, అందరికంటే నా మీద నాకు ఒళ్ళు మండిపోయింది. ఎడ్గర్ చెప్పిన ఒక్క మాటకి అర్థం తెలుసుకోలేకపోయాను. పద్ధతిగా అంటే ముందు తలుపని అయిదేళ్ళ పిల్లయినా చెబుతుంది.

అతను నా మంచం అంచున కూర్చున్నాడు.

"పాదిరనుకున్నారా?"

"పాదిరే అనుకున్నాం."

అతని భుజాలు కదిలాయి. నవ్వుతున్నాడు. కాసేపటికి అది నవ్వు కాకుండా పోయింది. నేను పక్కకి తిరిగి కెటిల్లో నీళ్ళు పోశాను. చూడకూడదు కదా.

"మార్గరెట్ మంచిది" అన్నాడు చివరికి. "నా మనిషి. లోటేమీ చెయ్యలేదు. నేనూ సుఖంగానే ఉన్నా, అబద్ధం ఎందుకు. కానీ ఓల్వెన్, ఎక్కడైనా మూసిన తలుపవతల ఆడాళ్ళు నవ్వితే మాత్రం, నన్ను చూసే అనుకునేవాణ్ణి. ముసలాణ్ణయ్యాక కూడా."

"నిన్ను చూసి నవ్వలేదు."

"తెలిసింది."

"నీకోసం టార్ట్ చేశాను."

"ఏం టార్టు?"

"డామ్సన్."

అతను కళ్ళు మూసుకున్నాడు. ఆ టార్ట్ సోమవారం పందులకు పెట్టామని నేను చెప్పలేదు.

అంతలో జూడిత్ వచ్చేసింది. "నాన్నా, ఎలా ఉంది? ఈ అరలు పీకించేస్తే ఇక్కడ నీ టీవీ పడుతుంది. కిటికీ పెద్దది చేయిద్దాం" అంటూ టేపు గోడకి ఆనించింది. మంచం పక్కన, నేను తల ఆనించుకునే చోట, గోడ కొలిచింది. పిల్ల మంచిదే. దానికేం తెలుసు?

అందరం కారు దాకా నడిచాం. విల్ఫ్ కర్రపట్టుకుని వాకిట్లోకి వచ్చాడు. ఎడ్గర్ అందరికీ చెయ్యిచ్చాడు. నా చెయ్యి మాత్రం ఒక్క క్షణం ఎక్కువ పట్టుకున్నాడు. మళ్ళీ మర్యాద గొంతులోకి వెళ్ళిపోయాడు.

"ఇల్లు కుదిరితే, మేం సర్దుకున్నాక, మీరు తప్పకుండా ఒకసారి టీకి రావాలండీ."

ఈ మాటకి మా దేశంలో అర్థమేమిటో చెప్పాలి. ఏమీ లేదు. ఇక వెళ్ళొస్తామని చెప్పడానికి అదొక పద్ధతి. "అయ్యో, తప్పకుండా" అనాలి, అవతలివాళ్ళు చిరునవ్వు నవ్వాలి, ఆ తరవాత చచ్చేదాకా ఆ టీ సంగతి ఎవరూ ఎత్తకూడదు. నేనే వందమందికి అలా చెప్పుంటాను. ఒక్కరూ రాలేదు. వస్తే తలుపు తీసేదాన్నో లేదో కూడా తెలియదు. జవాబు నా నాలుక మీదికి దానంతటది వచ్చేసింది. దాన్ని మింగాను.

"ఏ రోజు?" అన్నాను.

అందరూ ఆగిపోయారు. గ్లెనిస్, నా లంగా జారిపోయినట్టు, చటుక్కున నేల చూసింది.

"ఏంటండీ?" అన్నాడు ఎడ్గర్.

"టీకి రమ్మన్నారు కదా. ఏ రోజు రమ్మంటారు? ఎన్నింటికి?"

"అక్కా" అని గొణిగాడు విల్ఫ్. "మర్యాదకి అన్నాడే ఆయన."

"నువ్వు నోర్ముయ్యి. నువ్వు నోరు తెరిచినందుకే ఇంతదాకా వచ్చింది."

"ఇల్లు కొనడానికి ఇంకా మూణ్ణెల్లు పడుతుందేమోనండీ" అంది జూడిత్, ఒకసారి నన్నూ ఒకసారి తండ్రినీ చూస్తూ.

"మూణ్ణెల్లలో ఎవరుంటారో ఎవరు పోతారో. నేను ఈ వారం సంగతి అడుగుతున్నాను" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది. సిగ్గుతో చెవులు కాలిపోతున్నాయి. అరవై ఏడేళ్ళ మనిషిని, మొత్తం జీవితంలో ఇంత సిగ్గుమాలిన పని చెయ్యలేదు.

ఎడ్గర్ టోపీ పెట్టుకున్నాడు. మళ్ళీ తీసేశాడు. ఆ చలికాలం పొయ్యి దగ్గర చూసినట్టే చూశాడు.

"గురువారం" అన్నాడు. "నాలుగింటికి. నువ్వు బస్సెక్కడం దేనికి, జూడిత్ కారు తెస్తుంది."

వాళ్ళు వెళ్ళిపోయారు. గ్లెనిస్ నాతో మాట్లాడటం మానేసి లోపలికి పోయింది. విల్ఫ్‌కి అంతా చెప్పాను. పాలగదిలోకొచ్చి గడియారం చూశాను. పన్నెండు కూడా కాలేదు. ఇంకా శనివారమే. నలభై మూడేళ్ళు ఓపిక పట్టినదాన్ని, ఈ అయిదు రోజులు ఎలా గడపాలో నాకు తెలియడంలేదు.