చెంబెడు నీళ్ళు

పదకొండు పేజీల తగాదా రాశాను. పొలం గట్టు దగ్గర విడిపోయిన అన్నదమ్ముల్లో అన్న ఆరేళ్ళ తర్వాత తమ్ముడింటికి వస్తాడు, వచ్చీ రాగానే ఇద్దరూ మాటకు మాట అప్పజెప్పుకుంటారు. నా మటుకు నాకది అద్భుతం. సాయంత్రాలు తార్నాక రోడ్డు మీద అటూ ఇటూ నడుస్తూ ప్రతి మాటా పైకి అనుకుని, నాలుక మీద నిలబడితేనే కాగితం మీద పెట్టాను. నాకు నాటకం రాయడమంటే అదే. ఈ లెక్చరర్‌కి తిక్క అని దారిన పోయేవాళ్ళు అనుకున్నా లెక్కచేయలేదు. ఇంత చేసినా ఆ రంగం చచ్చింది.

చచ్చిందని చెప్పింది లక్ష్మీనర్సయ్య గారు. యూనివర్సిటీలో మా నాటక సంఘానికి పెద్దాయన. ఆర్ట్స్ కాలేజీలో ఓ ఖాళీ గదిలో రిహార్సల్ చూసి, సిగరెట్ ఆర్పి, "ఏమయ్యా సారథీ, ఇది కొట్లాటనా, కోర్టుల బహసా?" అన్నారు. "శనివారం మళ్ళ చూస్తా. అప్పటికి సీను నిలబడకపోతె మనం పాత నాటకమే ఆడుదాం. బురా మానకు."

బురా మానకుండా, నొచ్చుకోకుండా ఎలా ఉంటాను? అప్పటికి మూడు నాటకాలు రాశాను. మూడూ పత్రికల్లో అచ్చయ్యాయి, ఒక్కటీ స్టేజీ ఎక్కలేదు. ఈ పంతొమ్మిది వందల అరవై ఏడులో కూడా ఎక్కకపోతే కలం కింద పెట్టేస్తానని నాకు నేనే ఒట్టు పెట్టుకున్నాను.

అన్న వేషం వేస్తున్నది ఇన్నయ్య, నా విద్యార్థి. నాది కాకినాడ. నేను రాసిన మాటల్ని వాళ్ళ ఊరి మాటల్లోకి మార్చిపెట్టేది కూడా అతనే. రెండేళ్ళుగా ఆ పని మీద ప్రతి ఆదివారం తార్నాకలో వాళ్ళింటికి వెళ్తున్నాను. నేను గడప దాటగానే వాళ్ళమ్మ సారలమ్మ ఇత్తడి చెంబుతో నీళ్ళు తెచ్చి నా పక్కన పెట్టేది. "వద్దండీ, ఇప్పుడే తాగొచ్చాను" అనేవాణ్ణి. పరాయిచోట మంచినీళ్ళు ముట్టకు, జలుబు చేస్తుందని ఊళ్ళో బయల్దేరేటప్పుడు మా అమ్మ పెట్టిన ఆంక్ష. జలుబన్నది పైమాట. లోపలి మాట మా ఇంట్లో అందరికీ తెలుసు, నాకూ తెలుసు. ఇరానీ హోటల్లో చాయ్ మాత్రం రోజుకు నాలుగుసార్లు తాగేవాణ్ణి. దానికి ఏ జలుబూ అడ్డం రాలేదు.

లక్ష్మీనర్సయ్య గారు అలా అన్న మర్నాడు పొద్దున్నే ఇన్నయ్య ఇంటికి పరిగెత్తాను. నీళ్ళు వచ్చాయి. నా మామూలు మాట నేనన్నాను. సారలమ్మ ఓ పక్కన కూర్చుని చాటలో బియ్యం ఏరుతోంది. అన్న మాటలు ఇన్నయ్య, తమ్ముడి మాటలు నేను, రంగమంతా పైకి చదువుకుంటూ వెళ్ళాం. ఏడో పేజీలో ఆమె నవ్వింది.

"ఏందమ్మా?" అన్నాడు ఇన్నయ్య.

"ఆయన ఇంట్లకొచ్చి ఎంతసేపాయె? నీళ్ళిచ్చిన్రా?"

పదకొండు పేజీల్లో నీళ్ళు ఎక్కడా లేవు. "పోట్లాడటానికి వచ్చాడండీ" అన్నాను, కొంచెం చిరాగ్గానే.

"కొట్లాటకొస్తె మాత్రం? పగోడైనా గడప దాటినంక నీళ్ళియ్యాలె సారు. తాగిండా, ఎంత తిట్టుకున్నా ఎన్నడన్న కలుస్తరు. తాగలేదా, ఇగ ఏం మాట్లాడినా దండుగనే. గిన్ని మాటలెందుకు?"

చేతిలో కాగితాలు పక్కన పెట్టేశాను. నాటకాలు రాసేవాడి బుద్ధి కదా, వెంటనే అడిగాను. "తాగకపోతే ఏమంటాడు?"

"ఏమంటడు? ఇప్పుడే తాగొచ్చిన అంటడు." చాటలోంచి తల ఎత్తకుండానే అంది.

"అమ్మా, ఊకో" అన్నాడు ఇన్నయ్య.

అప్పుడు తల ఎత్తి నన్ను చూసింది. "నిన్నంటలేను సారు. నీ పద్ధతి నీది. మేమేమనుకోలె."

చెంబు నా మోకాలి పక్కనే ఉంది. రెండేళ్ళ ఆదివారాలన్నీ గుర్తొచ్చాయి. అన్నిసార్లూ తెచ్చి పెట్టింది, అన్నిసార్లూ నిండు చెంబు లోపలికి తీసుకుపోయింది. కనీసం అప్పుడైనా ఎత్తి తాగాలి కదా, తాగలేదు. చెయ్యి రాలేదు. కాగితాలు చంకలో పెట్టుకుని వచ్చేశాను.

ఆ పూటే పదకొండు పేజీలూ చింపి పేజీన్నర రాశాను. ఎవరి చేతులు ఏం చేస్తాయో ముందు రాసుకున్నాను, మాటలు ఆ తర్వాతే. తమ్ముడి భార్య చెంబు తెచ్చి అన్న ముందు పెడుతుంది. అన్న చెంబును చూస్తాడు, తమ్ముణ్ణి చూస్తాడు. "ఇప్పుడే తాగొచ్చిన" అంటాడు. నేను రాసిన వాటిలో అంత కర్కశమైన మాట మరొకటి లేదు, అది నేను రెండేళ్ళుగా నవ్వుతూ అంటున్న మాట.

శనివారం ఇన్నయ్య ఆ మాట అనగానే, తమ్ముడి వేషంలో ఉన్న ఉమాపతి ఒకడుగు వెనక్కి వేశాడు. లక్ష్మీనర్సయ్య గారు సిగరెట్ వెలిగించుకోవడం మరిచిపోయారు.

"గిప్పుడైంది నాటకం" అన్నారు. "గని ఆఖర్ల ఇద్దరు కలవాలె కద. ఎట్ల కలుస్తరు?"

నా చివరి రంగంలో అన్న రెండు పేజీల పొడుగునా ఏడుస్తాడు. అది ఆయనకు చూపించడానికి మొహం చెల్లక, సోమవారం తెస్తానన్నాను.

మర్నాడు ఆదివారం. వెళ్ళేసరికి ఇన్నయ్య లేడు. "కూసో సారు, వస్తడు" అంది సారలమ్మ, చాటలో బియ్యం ఏరుతూ. పీట మీద కూర్చున్నాను. రెండేళ్ళలో మొదటిసారి నీళ్ళు రాలేదు. కోపమేమో అనుకున్నాను. కాదు, నన్ను ఇరుకున పెట్టకూడదని ఆమె మానేసింది. అది తెలిశాక నాకు ఆ పీట మీద కూర్చోవడం కష్టమైంది. తప్పు చేసిన అన్న ఎలా కలుస్తాడు? ఏడవడు. అడుగుతాడు.

"అమ్మా" అన్నాను. అంతకుముందెప్పుడూ ఆమెను అలా పిలవలేదు. "దాహమేస్తోంది. కాసిని మంచినీళ్ళిస్తారా?"

ఆమె చేతులు చాటలో ఆగాయి. లేచి వెళ్ళి, తోమి ఉన్న చెంబునే మళ్ళీ తోమింది. కుండలో ముంచి తెచ్చి, ఈసారి కింద పెట్టకుండా నా చేతికే ఇచ్చింది. గటగటా తాగాను. చొక్కా తడిసినా ఆపలేదు.

"మెల్లగ బిడ్డా" అంది. "పొలమారుతది."

చివరి రంగం ఆ సాయంత్రం అరపేజీలో అయిపోయింది. అన్న నీళ్ళడుగుతాడు, తాగుతాడు. "మెల్లగ బావా, పొలమారుతది" అంటుంది మరదలు. తెర.

ఆ తర్వాత చాలా నాటకాలు రాశాను. ఏ రంగం మొదలుపెట్టినా, వచ్చినవాడికి నీళ్ళిచ్చారా అని ముందు నన్ను నేను అడుగుతాను. నాకున్న విద్యంతా అదే, అది ఆ తల్లి పెట్టిన భిక్ష.

ఆ నాటకం ప్రదర్శన రోజున హాలు నిండిపోయింది. తెర పడ్డాక మళ్ళీ ఎత్తి రచయితను స్టేజీ మీదికి పిలిచారు. వెళ్ళి, మూడో వరుసలో కూర్చున్న సారలమ్మ వైపు తిరిగి రెండు చేతులూ జోడించాను. ఆమె నన్ను చూడనేలేదు. కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ, స్టేజీ మీదికి వేలు చూపించి, పక్కన కూర్చున్న ఎవరో ప్రొఫెసర్ గారి భార్యకు చెబుతోంది.

"గా చెంబు మాదే."