పాతది ఆపకండి

"కోడలికి సదువెక్కువ, సేతిపని తక్కువ."

పొద్దున్నే పెరట్లో పీట మీద కూర్చుని సరోజిని అన్న మాట ఇది. అచ్చం అత్త రత్నాలమ్మ గొంతే. ముక్కుతో లాగడం, చివర్న నిట్టూర్పు, ఏదీ పోలేదు. బెల్లం ముక్కలో తెల్ల మాత్ర దూరుస్తున్న గౌరీశ్వరికి కోపం రావలసింది. నవ్వొచ్చింది. కడుపు పట్టుకుని నవ్వింది. వంటింట్లో గిన్నె ఠంగుమంది గనక, ఆ మాట అసలు సొంతదారుకీ వినిపించిందన్నమాట.

పెళ్ళయి రెండు నెలలు. గౌరీశ్వరికి అన్నీ ముద్దుగానే ఉన్నాయి. టెక్కలి పిల్ల, విశాఖలో బి.ఏ. చదివి కాశీబుగ్గ కోడలైంది. గాలి తిరిగినప్పుడల్లా ఇంట్లోకొచ్చే, బట్టీల్లో జీడిగింజలు కాల్చే పొగ ముద్దు. పలాస స్టేషన్లో నీళ్ళు పట్టించుకుని బయల్దేరే ఇంజన్ల కూత ముద్దు. వజ్రపుకొత్తూరు తోటకెళ్ళిన మొగుడు సైకిలు హ్యాండిలుకి కట్టి తెచ్చే మొగలిపొత్తు మరీ ముద్దు. ఆయన పేరు ఢిల్లీశ్వరరావు. మొగుడి పేరు పలకకూడదు గనక, రేడియో వార్తల్లో ఆ ఊరి పేరు వినిపించినప్పుడల్లా ఆమె చీరకొంగు నోట్లో కుక్కుకునేది.

సరోజిని ఆయన చెల్లెలు. పద్నాలుగేళ్ళు. ఎవరి మొహంలోకీ చూడదు. తన మాటంటూ లేదు. ఎవరో అన్న మాటని వాళ్ళ గొంతుతోనే తిరిగి అంటుంది, ఒక్కోసారి వారం తర్వాత. జీడిగింజలు వరసగా పేరుస్తుంది. ఆ వరస కదిపితే వీధి వీధంతా వినిపించేలా అరుస్తుంది. పంతొమ్మిదివందల అరవై ఎనిమిదిలో, ఆ ఇంట్లో, దానికున్న పేరు 'ఎర్రిది' అని మాత్రమే. అప్పుడప్పుడూ వచ్చే మూర్ఛకైతే ఐదేళ్ళుగా మందుంది, ఆ తెల్ల మాత్ర. పెళ్ళిచూపులనాడు ఆ పిల్లని తోటకి పంపేశారట. పెళ్ళయిన మూడోనాడు తెచ్చి కొత్తకోడలి చేతిలో పెట్టారు. నీళ్ళు పొయ్యడం, జడ వెయ్యడం, నెలసరి గుడ్డలు, మాత్ర, అన్నీ. "నీ సేతిమీద నెమ్మదిగుంటాది" అన్నాడు మొగుడు. ఆ పొగడ్తకి గౌరీశ్వరి వారం రోజులు మురిసిపోయింది. ఆ పనికి తనకి దొరికే జీతం మొత్తం అదేనని అప్పటికి తెలీదు. ఆ పిల్లంటే ఇష్టం కలిగిన మాట మాత్రం నిజం. అందరి గొంతులూ పలుకుతుంది, నా గొంతొక్కటీ పలకదేం అని లోలోపల చిన్న ఉక్రోషం కూడా ఉండేది.

సరోజిని ఈడేరిన దగ్గర్నుంచి మూర్ఛలు ఎక్కువయ్యాయి. విశాఖ పెద్ద డాక్టరు దగ్గరికి తీసుకెళ్దామన్నారు. గౌరీశ్వరి తెల్లారకముందే లేచి, జడలో మొగలిరేకు పెట్టుకుని తయారైంది. నెలలో ఎన్ని మూర్ఛలు, ఎంతసేపు, ముందు ఏ చెయ్యి కొట్టుకుంటుంది, అన్నీ నోటికి వచ్చు మరి.

"నువ్వెందుకమ్మా? ఇద్దరు మగోళ్ళం సాలమా?" అన్నాడు మావ నారాయణరావు చెప్పులు తొడుక్కుంటూ.

మర్నాడు తండ్రీ కొడుకులు, లోపల పొడి నింపిన గొట్టం మాత్రల సీసాతో దిగారు. "ఇకనుంచి ఇదే" అన్నాడు మావ. 'మరి తెల్ల మాత్ర?' అని గౌరీశ్వరి నోరు తెరిచేలోపు రత్నాలమ్మ తేల్చేసింది. "ఇద్దరు కోడళ్ళు ఒక వంటింట్లో ఇముడుతారేటి? రెండు మందులు ఒక కడుపులోనూ అంతే." పాత సీసా అటకెక్కింది.

సరోజిని కూడా ప్రయాణం నుంచి రెండు కొత్త మాటలు తెచ్చుకుంది. ఒకటి స్టేషన్లో కాఫీ అమ్మేవాడి కేక. రెండోది, "పాతది ఆపకండి. దానికి తోడు ఇది." గౌరీశ్వరికి అది భలే నచ్చింది. ఏ బుకింగు గుమాస్తా మాటో అనుకుంది. చప్పట్లు కొడుతూ దానికి వరస కట్టింది. పాతది ఆపకండి, తోడు ఇది, తోడు ఇది. నాలుగు రోజులు ఇద్దరూ పెరట్లో అదే పాట.

ఐదోనాడు జీడిగింజల వరస మధ్యలోనే సరోజిని పడిపోయింది. ఎప్పుడూ వచ్చేదాని లాంటిది కాదు. ఒకటి తగ్గి కళ్ళు తెరవకముందే ఇంకొకటి. గౌరీశ్వరి పక్కకి తిప్పి, తలకింద తన కొంగు పెట్టి కూర్చుంది. తాళాలగుత్తి చేతిలో పెట్టబోయిన పక్కింటావిడని వద్దంది. నాలుగోది తగ్గేసరికి పెరట్లో వాకబుకొచ్చినవాళ్ళు పాతికమంది.

"కొత్త మందు, కొత్త కోడలు. రెండూ ఒకపాలే వొచ్చాయి మా ఇంటికి" అంది రత్నాలమ్మ అందరూ వినేలా. "ఆ గొట్టాలు కూడా పారేత్తాను. రాసిపెట్టినట్టు అవుతాది."

గౌరీశ్వరి మొగుడి వైపు చూసింది. "పెద్దోళ్ళు సూసుకుంటారు, నువ్వూరుకో" అన్నాడతను గోడవైపు చూస్తూ.

సాయంత్రానికి సరోజిని కళ్ళు తెరిచింది. నాలుక కరుచుకుని వాచింది. ఆ వాచిన నాలుకతోనే, మెల్లిగా, "పాతది ఆపకండి" అంది.

ఆపకండి. ఈ ఇంట్లో ఆ పిల్లతో 'అండి' అన్నవాళ్ళు లేరు. ఎవరితోనైనా 'ఆపీకండి' అంటారే తప్ప ఇలా పుస్తకంలోలా అనరు. బుకింగు గుమాస్తాకి పాతదేమిటి, తోడేమిటి? ఆ మాట డాక్టరుది. ఆ గదిలో విన్నది విన్నట్టు తెచ్చి ఇంట్లో అప్పజెప్పింది సరోజిని ఒక్కతే. రోజుకి వందసార్లు చెప్పింది. తనేం చేసింది? తాళం వేసింది. గౌరీశ్వరికి తన అరచేతులు చూసుకోవడానికి సిగ్గేసింది.

లేచి, చిలక్కొయ్యకి వేలాడుతున్న మావ చొక్కా జేబులోంచి డాక్టరు చీటీ తీసింది. కోడలు మావ చొక్కా ముట్టుకోవడం ఆ ఇంట్లో అదే మొదలు. చీటీలో రెండు వరసలున్నాయి. పైన తెల్ల మాత్ర, కింద గొట్టం మాత్ర. మధ్యలో కూడిక గుర్తు.

"రెండూ రాశాడు మావా. పాతది ఆపొద్దని నోటితో కూడా చెప్పాడు."

నారాయణరావు తల దించుకున్నాడు. "ఏదో అన్నాడు. ఇది అక్కడ ఒకటే అరుపు, అందరూ మావైపే సూత్తన్నారు. సిగ్గుతో సగం ఇన్నాను, సగం ఇన్లేదు."

"మీ కొడుకు?"

"కాఫీకెళ్ళాడు."

గౌరీశ్వరి స్టూలు వేసుకుని అటక మీంచి పాత సీసా దింపింది. రెండు బెల్లం ముక్కలు చేసి, సరోజినికి నచ్చేటట్టు పీట మీద వరసగా పెట్టింది.

"ఏటది సేత్తన్నావు?" గుమ్మంలో అత్త.

"రెండూ ఇస్తున్నానత్తా."

"ఇద్దరు కోడళ్ళు..."

"మొదటిదాన్ని గెంటెయ్యమని డాక్టరు చెప్పలేదత్తా. ఒక్కతే మొయ్యలేకపోతోందని రెండోదాన్ని తోడు పంపాడు."

రత్నాలమ్మ ఈ ఇంటి పని ముప్పయ్యేళ్ళు ఒక్కతే మోసిన మనిషి. గుమ్మం పట్టుకుని అక్కడే నిలబడిపోయింది.

సరోజిని ఒక ముక్క తర్వాత ఒకటి మింగింది.

"నాన్న ఎదట అలాగ మాటాడతావేటి?" వెనకాలే వచ్చిన మొగుడు గొణిగాడు. "సదూకున్నావని డాక్టరువైపోయావా?"

మొగుడి గొణుగుడికి రెండు నెలలుగా ఆమె దగ్గర ఒకటే జవాబు, ఒక నవ్వు. ఇవాళ అది రాలేదు.

"మాత్ర వేసేదాన్ని నేను. మూర్ఛ చూసేదాన్ని నేను. డాక్టరు ఎదట కూర్చునేదాన్ని కూడా ఇకనుంచి నేనే. ఇవాళ జరిగింది ఆయనకి చెప్పాలి. రేపటి బండికి టిక్కెట్లు తియ్యి బావా. రెండు. నువ్వొస్తే మూడు."

స్టేషన్లో ఇంజన్ కూసింది. సరోజిని చెవులు మూసుకుని, ఆ కూత అయిపోయేదాకా ఆగి, పీట మీది ఖాళీ జాగా కేసి చూస్తూ అంది:

"రెండు. నువ్వొస్తే మూడు."

అచ్చం గౌరీశ్వరి గొంతు.