పెంటయ్య నొక్కని స్విచ్

నాంపల్లిలోని రక్తపరీక్షల సెంటర్లో టోకెన్లిచ్చే పెట్టె ఆ నెలలో మూడోసారి ఆగిపోయింది. దాన్ని తయారుచేసిన శశికిరణ్ బషీర్‌బాగ్ నుంచి కారులో వచ్చాడు. మూతైనా తీయకుండా దోషిని పట్టేశాడు. రోజూ ఆ పెట్టెను ఆన్ చేసి, ఆపే అటెండర్ పెంటయ్య.

"ఊరికే స్విచ్ నొక్కుతుంటాడండీ. అందుకే మెమరీ కార్డులు పాడవుతున్నాయి. చదువు లేనివాళ్లకి కంప్యూటర్ అప్పగిస్తే ఇంతే," అన్నాడు మేనేజర్ కామాక్షితో. పెంటయ్య అక్కడే నిలబడి ఉన్నా అతనివైపు చూడలేదు.

"పొద్దుగాల ఒకసారి, పొద్దుమూకినంక ఒకసారి. గంతే మేడమ్. నడుమ ముట్టనే ముట్టలే," అన్నాడు పెంటయ్య.

ఇరవై ఏళ్ల నుంచి పనిచేస్తున్న మనిషిని వెళ్లిపొమ్మనడానికి కామాక్షికి నోరు రాలేదు. ఆబిడ్స్‌లో రిపేరు షాపు నడిపే బెత్సీని పిలిపించింది.

బెత్సీ పాత సంచీ చూసి శశికిరణ్ నవ్వాడు. "ఇది ఎంబెడెడ్ సిస్టమ్ మేడమ్. మిక్సీ కాదు."

"ఔ సార్. మిక్సీ నెలకు మూడుసార్లు ఆగితే ఎవ్వరు కొనరు," అని ఆమె మూత విప్పింది.

లోపల చూశాక ఆమెకు కోపం రాలేదు, రోత పుట్టింది. పైన అద్దంలా మెరిసే నల్ల డబ్బా, బంగారు అక్షరాల్లో కంపెనీ పేరు. లోపల టేపు చుట్టిన సెల్‌ఫోన్ చార్జరు. కంప్యూటర్ బోర్డుకూ, టోకెన్లు అచ్చేసే ప్రింటరుకూ కరెంటు ఆ ఒక్కదాని నుంచే.

కొత్త కార్డు పెట్టి, తీగలకు మీటరు తగిలించింది. "పెంటయ్యన్నా, నువ్వు జర గా తలుపు కాడ నిలవడు. మేడమ్, మీరు టోకెన్ తియ్యున్రి."

కామాక్షి తెర మీద వేలు పెట్టింది. ప్రింటరు గరగరమంది. మీటరులో ఐదు వోల్టులు నాలుగుకు జారాయి. తెర నల్లబడి, కంప్యూటర్ మళ్లీ మొదటినుంచి లేచింది.

"అన్న తలుపు కాడున్నడు. మరి స్విచ్ ఎవ్వరొత్తిన్రు సార్?"

శశికిరణ్ ఫోన్ చూసుకున్నాడు. "లోడ్ కొంచెం... మా వెండర్..."

"స్విచ్ కూడా చూడున్రి. ఒత్తంగనే కరెంటు కట్. కంప్యూటర్ రాసేది రాస్తనే ఉంటది, కార్డు పోతది. అన్న సక్కగ ఒత్తినా పోతది. ఏంది, గిది చదువుకున్నోళ్లు చేసిందా?"

షాపుకు వెళ్లి సామాను తెచ్చి, ప్రింటరుకు విడిగా సప్లై పెట్టింది. చిన్న బోర్డు ఒకటి అతికించింది. ఇక బటన్ నొక్కితే ముందు కంప్యూటర్‌కు కబురు వెళ్తుంది, అది పని ముగించి మూసుకున్నాకే కరెంటు ఆగుతుంది. ఆమె టంకం వేస్తున్న గంటసేపూ ఫోన్ లైటు పట్టుకుని నిలబడ్డవాడు శశికిరణే. "జర దగ్గరికి పట్టు సార్, నీడ పడుతున్నది," అని రెండుసార్లు గద్దించింది.

చివరికి పెంటయ్య బటన్ నొక్కాడు. పెట్టె తీరిగ్గా ఆరిపోయింది.

"నేనూ నిన్ను అనుమానించాను పెంటయ్యా, ఏమనుకోకు," అంది కామాక్షి.

శశికిరణ్ చేతులు దులుపుకున్నాడు. "గుడ్ ఫీడ్‌బ్యాక్. నెక్స్ట్ వెర్షన్‌లో ఈ ఫీచర్ పెడతాం."

బెత్సీ అతని ముఖంలోకి చూసింది. "అన్నకు చెప్పేదేమన్న ఉన్నదా సార్?"

అతను కారు తాళాలు వెతుక్కున్నాడు.

"పోనియ్యమ్మా," అన్నాడు పెంటయ్య. "తప్పైందన్న మాట ఆయన నోటి నుంచి వచ్చినా నేనేం చేసుకుంట?"