ఈస్ట్ కార్వెల్‌లో ఆ ఒక్క ఓటు

మా ఊళ్లో ఓటర్లు నలభైమూడుమంది. మధ్యాహ్నం మూడింటికల్లా అందరూ వేసేస్తారు, ఇక పెట్టె తెరవడమే తరువాయి. ఊరి సభ నడిపే మా ఆయన ఆసహెల్ ఒక్కొక్క కాగితం విప్పి పేరు పైకి చదువుతాడు. నేను పక్కన కూర్చుని గీతలు గీస్తాను. ఊరంతా బెంచీల మీద కూర్చుని వింటుంది. 1920లో ఆడవాళ్లకు ఓటు వచ్చినప్పటి నుంచీ ఆ పెన్సిలు నా చేతిలోనే ఉంది.

మా వెర్మాంట్ రాష్ట్రం ఏ అధ్యక్ష ఎన్నికలోనూ డెమొక్రాట్లను గెలిపించిన పాపాన పోలేదు. మా ఊళ్లోనైతే వాళ్లకు ప్రతిసారీ సరిగ్గా ఒకే ఒక్క ఓటు పడేది. అది కమ్మరి ఆల్ఫాన్స్ థిబోదని ఊరంతా తేల్చేసింది. కెనడా నుంచి వచ్చినవాడు, ఫ్రెంచి యాస, ఆదివారం వెళ్లే చర్చి వేరు. ఇంకెవరిదవుతుంది మరి?

"ఏం ఆల్ఫాన్స్, ఈసారి కూడా మా పరువు తీశావుగా!" అని కొట్టు నడిపే హోసియా అతని వీపు మీద చరిచేవాడు. ఆల్ఫాన్స్ మీసం తుడుచుకుని నవ్వి ఊరుకునేవాడు. హోసియాదీ నవ్వులాటే అనుకుందాం. కానీ ఊరి రోడ్డు పని ఏటేటా ఎవరెవరికో దక్కింది, అతనికి మాత్రం ఒక్క ఏడాదీ దక్కలేదు.

ఆ ఓటు నాది.

హమ్మయ్య, చెప్పేశాను. నా తమ్ముడు లోరెన్ 1918లో ఫ్రాన్స్‌లో యుద్ధంలో పోయాడు. మళ్లీ యుద్ధం రాకుండా దేశాలన్నీ ఒకచోట కూర్చుని మాట్లాడుకోవాలని ఆ పార్టీవాళ్లు అన్నారు. వాడికోసం వేశాను. ఆ తర్వాత మొండితనం కొద్దీ వేస్తూనే ఉన్నాను. నా ఓటుకు నేనే గీత గీసుకుని, నింద ఆల్ఫాన్స్ మీద పడుతుంటే కుక్కిన పేనులా కూర్చునేదాన్ని. సిగ్గులేకపోతే సరి!

1936 సెప్టెంబరులో ఆల్ఫాన్స్ కొట్టం కప్పు మీంచి పడి తొడ ఎముక విరగ్గొట్టుకున్నాడు. నవంబరు వచ్చినా మంచం దిగలేదు. కట్టెలు కొట్టే మనిషి పడుకుంటే మా చలికాలంలో ఆ ఇల్లు ఏమవుతుందో మాకు ఒకరు చెప్పనక్కర్లేదు. అందుకని ఊరి అడవిలోంచి వాళ్లకు కట్టెలు ఇవ్వాలా వద్దా అనేది ఓట్ల లెక్క కాగానే అక్కడే తేల్చాలనుకున్నారు.

హోసియా సంబరం ఇంతా అంతా కాదు. "ఆల్ఫాన్స్ రాడు కాబట్టి ఈసారి మన పెట్టె కడిగిన ముత్యమే. పేపర్లో మన ఊరి పేరు వేస్తారు, చూస్కోండి!" అంటూ ఆపిల్ రసం పీపా ఒకటి మోయించుకొచ్చాడు. నేను మాత్రం, ఈసారి ఆ నింద మంచాన పడ్డవాడి మీదకి పోదులే అనుకుని ఎప్పటిలాగే వేశాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

"లాండన్. లాండన్. లాండన్," అని మా ఆయన రిపబ్లికన్ల మనిషి పేరే చదువుతున్నాడు, నేను గీస్తున్నాను. ముప్ఫై దాటాక అతని గొంతు ఆగింది. కాగితం వెలుతురు వైపు తిప్పి చూశాడు.

"రూజ్వెల్ట్," అన్నాడు.

నేను గీత గీశాను. తర్వాత తలలన్నీ ఒక్కటొక్కటిగా వెనక బెంచీ వైపు తిరిగాయి. అక్కడ ఆల్ఫాన్స్ భార్య దెలిమా ఒక్కతే కూర్చుని ఉంది.

"ఓహో! మొగుడు మంచం ఎక్కితే పెళ్లాం అందుకుందన్నమాట," అన్నాడు హోసియా. "ఇక కట్టెల సంగతి మాట్లాడ్డం దేనికి? వాషింగ్టన్ నుంచి రప్పించుకోమనండి!"

కొందరు నవ్వారు. దెలిమా ముఖం పాలిపోయింది. "నేను కాదండీ, దేవుడి తోడు," అంది. మా ఆయన కాగితాలు సర్దుతూ, "సరే, కట్టెల మాట తర్వాత చూద్దాం," అన్నాడు. మా ఊళ్లో తర్వాత అంటే లేదనే.

నేను లేచాను.

"హోసియా, ఆ అమ్మాయిని వదిలెయ్. ఆ ఓటు నాది."

"ఊరుకో వదినా, జాలిపడి మీద వేసుకుంటున్నావ్."

"జాలా, నా బొందా! పదహారేళ్ల నుంచీ అన్నీ నావే. లోరెన్ పేరు మీద వేస్తున్నాను. కాదనేవాడెవడైనా ఉంటే లేచి నిలబడమను!"

ఎవరూ లేవలేదు. మా ఆయన నా వైపు చూడలేదు. గొంతు సవరించుకుని, "కట్టెలు ఇవ్వడానికి ఒప్పుకునేవాళ్లు చేతులెత్తండి," అన్నాడు. అందరికంటే ముందు తన చెయ్యే ఎత్తాడు. హోసియా అందరికంటే ఆఖర్న ఎత్తాడు.

మర్నాడు రేడియోలో చెప్పారు. దేశమంతా రూజ్వెల్టే గెలిచాడు, మా వెర్మాంట్, పక్కన మెయిన్ తప్ప. మా ఆయన నాతో పలకలేదు కానీ కట్టెల బండి కట్టాడు. అతను థిబోల ఇంటి బయట దింపుతుంటే నేను లోపలికెళ్లి మంచం పక్కన కూర్చున్నాను.

"నీకు ఏ ముఖంతో క్షమాపణ చెప్పాలో తెలీదు ఆల్ఫాన్స్. నీ ఓటని ఊరంతా..."

"నాది కాదని నాకు తెలుసు కదమ్మా," అన్నాడు. "ఎవరిదో తెలీదు, అంతే. నేను ఎప్పుడూ ఊరితోపాటే వేశాను."

"ఇరవై ఎనిమిదిలో కూడానా? అప్పుడు డెమొక్రాట్ల తరఫున నిలబడింది మీ క్యాథలిక్ చర్చివాడే కదయ్యా!"

అతను దుప్పటి అంచు సర్దుకున్నాడు. "ఆ రోజు ఊరితోపాటు వెయ్యడానికి చెయ్యి ఆడలేదు తల్లీ. కానీ నేను కూడా ఆయనకే వేస్తే రెండవుతాయి. రెండోది దెలిమాదే అంటారు. ఒకటైతే నేనొక్కణ్ణే పడతాను, పోనీలే అనుకున్నా."

నాకు ఏడుపు ఆగలేదు. నా ఓటు నేను వేసుకున్నాను. అతని ఓటు కూడా నేనే తినేశాను.

తిరుగు దారిలో ఆల్ఫాన్స్ అన్నదంతా మా ఆయనకు చెప్పాను. అతను కళ్లేలు పట్టుకుని బండి తోలుతున్నాడు. రంపపు మిల్లు దాటాక అడిగాడు:

"ఇరవై ఎనిమిదిలో కూడానా?"

"ఇరవై ఎనిమిదిలో కూడా."

ఇంటి ముందు బండి ఆపాడు, గుర్రాన్ని విప్పలేదు. తిన్నగా మా పెరట్లోకి పోయి, మేము ఎండబెట్టి పేర్చుకున్న మేపుల్ కట్టెలు ఎత్తి బండిలో వేయడం మొదలుపెట్టాడు.

"అవి మనవయ్యా," అన్నాను.

"తెలుసు. ఊరివి పచ్చివి, పొగొస్తాయి. రా, అటు కొసన పట్టుకో."