తాళం వేసిన పాఠాలు

మధ్యాహ్నం దాటిపోయినా మెహ్జబీన్ క్యారేజీ మూత తీయలేదు. పొద్దున ఆఫీసు తెరిచిన దగ్గర్నుంచి బల్ల మీది ఫోన్లు రెండూ మోగుతూనే ఉన్నాయి. ఒకటి పెట్టేస్తే ఇంకొకటి. మాచర్ల నుంచి ఒకామె, క్రోసూరు నుంచి ఒకతను, ఊరి పేరు చెప్పకుండానే అరిచేవాళ్ళు కొందరు. అందరిదీ ఒకటే ప్రశ్న.

"పరీక్ష ముందుకు జరిగింది గదా మేడం, మిగతా పాఠాలు ఎప్పుడు తెరుస్తారు?"

"సార్‌ని అడిగి చెప్తామండీ."

ఈ మాట ఎన్నిసార్లు అన్నదో ఆమెకే తెలియదు. గొంతు ఎండిపోయింది.

నరసరావుపేటలో ఒక మందుల షాపు పైన రెండు గదుల కోచింగ్ సెంటర్ అది. టీచరు పోస్టుల పరీక్ష రాసేవాళ్ళ కోసం శౌరి సార్ ఆన్‌లైన్ కోర్సు పెట్టాడు. నాలుగున్నర వేలు కట్టి సభ్యులైన వాళ్ళకే ఆ పాఠాలు కనపడతాయి. అన్నీ ముందే రికార్డు చేసి పెట్టినవే. వాటిని కంప్యూటర్లోకి ఎక్కించింది, ఏ పాఠం ఏ సోమవారం తెరుచుకోవాలో తేదీలు వేసింది మెహ్జబీనే. తేదీ రాని పాఠం పక్కన చిన్న తాళం బొమ్మ ఉంటుంది. వారం వారం కొంచెం కొంచెం చదువుకుంటారులే, పనిపాటలు చేసుకునే వాళ్ళకు అదే మంచిదని అప్పట్లో ఆమె అనుకుంది.

పోయిన వారం ప్రభుత్వం పరీక్ష తేదీని నెలకు పైగా ముందుకు జరిపింది. సోమవారాలు మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి. సగం లెక్కలు, శిశు వికాసం దాదాపు మొత్తం, పరీక్ష అయిపోయాక గాని తెరుచుకోవు.

మెట్ల మీద చెప్పుల చప్పుడైంది. లోపలికి వచ్చినామె తలకు గుడ్డ ఇంకా అట్లాగే ఉంది. ఆమెతో పాటు మిరప ఘాటు కూడా గదిలోకి వచ్చి, పక్క గదిలో వీడియోలు సరిచేసే అంకారావు తుమ్మాడు.

"ఫోన్ల చెప్తే తెమలట్లేదని వచ్చిన మేడం. నా పేరు సరిత. కారంపూడి. మిరప కోతకాడ్నించి సగం దినం మానుకోని వచ్చినా."

"కూర్చో అక్కా. మేడం అనమాక, నీకంటే చిన్నదాన్ని."

సరిత కూర్చోలేదు. ఫోను తీసి బల్ల మీద పెట్టింది. గాజు మీద అడ్డంగా పగులు. వేళ్ళ చివరలు ఎర్రగా కంది పొలుసు లేచి ఉన్నాయి.

"టీచర్ ట్రైనింగ్ చేసి పన్నెండేళ్ళాయె. పెళ్ళి, పిల్లలు, కూలి. మా ఆయన సున్నపు బట్టీకి పోతాడు. వయసు లెక్క ప్రకారం నాకిదే ఆఖరు పరీక్ష. కోతకు పోతే మూడొందల యాభై ఇస్తారమ్మా. ఆ కూలి డబ్బుల్లోనే కూడబెట్టి మీకు కట్టినా. చూడు, అంతా తాళాలే. ఇయి పరీక్షైనాక తెరుచుకుంటే నేనేం చేసుకోను?"

మెహ్జబీన్ కంప్యూటర్ వైపు చూసింది. సరిత పేరు కొట్టి, నాలుగు గళ్ళు మార్చితే చాలు, అన్నీ తెరుచుకుంటాయి. ఎసట్లో బియ్యం పోసినంత సేపు పట్టదు.

"సార్‌ని అడుగుతానక్కా," అంది. ఆ మాట ఈసారి నోట్లోంచి రావడానికి ఆలస్యమైంది.

సరిత కిందికి దిగిపోయాక ఆమె శౌరి సార్ గదిలోకి వెళ్ళింది. ఆయన ఒకప్పుడు గురజాలలో లెక్కల మాస్టారు. మెహ్జబీన్ డిగ్రీ చదివే రోజుల్లో ఆమె తండ్రి మౌలాలీ లారీ కింద పని చేస్తుంటే జాకీ జారి కాలు నలిగిపోయింది. అప్పుడు ఆఖరి ఏడాది ఫీజు కట్టింది శౌరి సారే. ఆ తర్వాత పిలిచి తొమ్మిది వేల జీతంతో ఈ కుర్చీలో కూర్చోబెట్టిందీ ఆయనే. మెహ్జబీన్ ఇంట్లో పొయ్యి మీదికి వచ్చే ప్రతిదీ ఈ జీతంలోంచే. అమ్మ రబియా నమాజు చేసుకున్నప్పుడల్లా సార్ పేరు కూడా తలుచుకుంటుంది.

"సార్, పరీక్ష ముందుకు వచ్చింది గదా. తేదీలు జరిపితే..."

"కూర్చో తల్లీ." ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "అన్నీ ఒక్కసారే తెరిస్తే ఏమైద్ది? వారంలో చూస్తారు, ఫ్రెండ్స్‌కి చూపిస్తారు, పోతారు. మనకి స్టూడియో అద్దె ఎవరిస్తారు? చెప్పిన లెక్చరర్లకి ఇంకా సగమే ఇచ్చినా. అందుకే ఎక్స్‌ప్రెస్ ప్లాన్ అని పెడుతున్నా. ఇంకో రెండున్నర వేలు కట్టినోళ్ళకి అన్నీ తెరువు. కట్టనోళ్ళకి పాత తేదీలే."

"వాళ్ళు ఒకసారి కట్టారు గద సార్. పరీక్ష ముందుకు జరిపింది వాళ్ళు కాదు."

"నేను జరిపానా?"

ఆ మాట కోపంగా అనలేదు. నిజంగానే అడిగాడు.

"ఇంత పెద్ద కోర్సు నీ చేతుల మీదనే నడుస్తా ఉంది. నా బిడ్డ లాంటిదానివి. నాకు నష్టం చెయ్యవుగా?"

ఆమె తల అడ్డంగా ఊపి బయటికొచ్చింది. క్యారేజీ తెరిచి రెండు ముద్దలు తిని మళ్ళీ మూత పెట్టింది. సాయంత్రం ఇంటికి పోబోయే ముందు కుర్చీలో కాసేపు ఊరికే కూర్చుంది. తర్వాత సరిత పేరు కొట్టి తాళాలన్నీ తీసేసింది. ఫోన్ చేసి, "అక్కా, ఒకసారి చూసుకో. నీకొక్కదానికే. ఎవరికీ చెప్పమాక," అంది.

"అల్లా నిన్ను సల్లగా సూడాలమ్మా," అంది సరిత. ఆమె తమ దేవుడి పేరు కాకుండా తన దేవుడి పేరు వెతుక్కుని మరీ అన్నందుకు మెహ్జబీన్‌కు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది.

సరిత ఎవరికీ చెప్పలేదు. చెప్పకపోయినా దాగలేదు. మిరప చేలో అన్నాల వేళ గట్టు మీద కూర్చుని ఆమె పాఠం పెట్టుకుంటే, పక్క సాలులో కోసే మాణిక్యమ్మ కోడలు వచ్చి కూర్చుంది. ఆ పిల్లా ఇదే కోర్సులో సభ్యురాలు, ఆమెకింకా తాళాలే. చదువుకునే మనిషిని లేచిపొమ్మని సరిత ఎట్లా అంటుంది? మర్నాటికి పక్క చేలోంచి ఇంకో ఇద్దరొచ్చారు. పగిలిన అద్దం చుట్టూ నాలుగు తలలు చేరాయి. పిల్లలు ఎందుకు మొండికేస్తారో, మాటలు ఎట్లా నేర్చుకుంటారో చెప్పే పాఠం. మధ్యలో ఎవరో, "మా వోడు అచ్చం ఇంతేనే," అంటే అందరూ నవ్వారు. మేస్త్రి కేకేసేదాకా అట్లాగే కూర్చునేవాళ్ళు.

వాళ్ళలో ఒకామె మొగుడు ఉక్రోషం ఆపుకోలేక సభ్యుల వాట్సాప్ గ్రూపులో పెట్టాడు: "కారంపూడిలో ఒకరికి అన్నీ తెరిచారు. మావాళ్ళు ఏం పాపం చేశారు? మావీ డబ్బులు కావా?"

ఒక గంటలో గ్రూపు నిండిపోయింది.

శౌరి సార్ మెహ్జబీన్‌ను పిలవలేదు. తనే ఆమె బల్ల దగ్గరికొచ్చి నిలబడ్డాడు. పక్క గదిలో అంకారావు చెవులకు పెట్టుకున్నవి తీసి పక్కన పెట్టాడు.

"నువ్వేనా?"

"నేనే సార్."

"ఆ కారంపూడామె ఎంతిచ్చింది?"

మెహ్జబీన్ మొహం మాడిపోయింది. ఆయన తిట్టినా అంత బాధ అనిపించేది కాదు. "ఏమివ్వలేదు సార్," అంది.

"మరెందుకు చేసినావు? నేను నీకేం తక్కువ చేసినా? సరే, అయిందేదో అయింది. మళ్ళీ తాళం వెయ్. నా ముందే వెయ్."

ఆమె చెయ్యి మౌసు మీదే ఉంది. ఇంట్లో గోడకానించి పెట్టిన నాన్న చంక కర్రలు గుర్తొచ్చాయి. వచ్చే నెల ఆయన కాలికి మళ్ళీ ఆపరేషన్ ఉంది. సరిత పేరు కొట్టింది. తెరిచినప్పుడు ఎంత సేపు పట్టిందో మూసినప్పుడూ అంతే పట్టింది. తాళం బొమ్మలు ఒకదాని కింద ఒకటి వచ్చి కూర్చున్నాయి. పరీక్ష ఇంకా పదిరోజులుంది.

"ఆఁ. ఇప్పుడు గ్రూపులో పెట్టు. సర్వర్ ప్రాబ్లం వల్ల ఒకరిద్దరికి పొరపాటున తెరుచుకున్నాయి, సరిచేశాం అని. ఎవరు ఫోన్ చేసినా అదే చెప్పు. ఎక్స్‌ప్రెస్ ప్లాన్ గురించి కూడా చెప్పు."

ఇంతలోనే ఫోన్ మోగింది. సరిత నంబరే. సార్ చూసి, స్పీకర్ మీద పెట్టమని చేత్తో సైగ చేశాడు.

"అమ్మాయ్, చేలో ఉన్నాం. నలుగురం చూస్తానే ఉన్నాం, పాఠం మధ్యల ఆగిపోయింది. మళ్ళీ తాళాలొచ్చినయి. మా ఫోన్‌లో ఏందన్నా తేడా జరిగిందా? నేనేందన్నా నొక్కకూడనిది నొక్కినానా?"

"సర్వర్," అని సార్ పెదవులు కదిపాడు.

"అమ్మాయ్?"

"నీ ఫోన్ బానే ఉందక్కా. సర్వరూ బానే ఉంది. మేమే మూశాం." "నేనే మూశాను. నా చేత్తోనే."

అవతల గాలి చప్పుడు. ఆడవాళ్ళు ఏదో అనుకుంటున్నారు, మాటలు తెలియడం లేదు. సరిత గొంతు తగ్గించి అడిగింది, అప్పు అడిగే మనిషిలాగా.

"ఎంత కట్టమంటున్నారమ్మా?"

శౌరి సార్ మొహంలో బిగువు సడలింది. చెప్పు, అన్నట్టు తల ఊపాడు.

"కట్టమాకక్కా," అంది మెహ్జబీన్. "నువ్వూ కట్టమాక, నీ పక్కనున్నోళ్ళనీ కట్టనియ్యమాక."

"మరి పాఠాలు?"

సార్ చెయ్యి చాపి ఫోన్ తీసుకున్నాడు. స్పీకర్‌లో సరిత ఇంకా అడుగుతూనే ఉంది. ఆయన ఆపబోయి, ఎక్కడ నొక్కాలో తెలియక, ఫోన్‌ను అట్లాగే పట్టుకుని నిలబడ్డాడు. ఈలోగా బల్ల మీది రెండో ఫోన్ మోగడం మొదలుపెట్టింది. మెహ్జబీన్ దాని వంక చూసింది గాని, ఎత్తలేదు.