కువైట్ తళుకు పొడి

హన్మకొండ చౌరస్తా దగ్గర బ్యూటీ పార్లర్ నడిపే రూతుకు పెళ్లివాళ్లంటే చులకన. పెళ్లికూతుళ్ల మీద కాదు, వాళ్ల వెంట వచ్చే పెద్దవాళ్ల మీద. కుర్చీ చుట్టూ మూగి, "ఇంకా తెల్లగ గావాలె, ఇంక జర కొట్టు" అంటూ ప్రహరీగోడకు సున్నం వేయిస్తున్నట్టు అజమాయిషీ చేస్తారు. సికింద్రాబాదులో కోర్సు చేసివచ్చింది ఇందుకా అని ఆమె పళ్లు నూరుకునేది.

అందరికంటే ఎక్కువ చులకన మాత్రం సుందర్ రావు మీద. కాజీపేట రైల్వేలో గుమస్తా. కొన్నేళ్ల కింద పెళ్లిచూపులకని రూతు ఇంటికి వచ్చి, పెట్టిన కేకు తిని, చాయ్ తాగి, "పిల్ల మంచిదే గని, జర నలుపు" అని చర్చి అయ్యగారితో కబురు పంపాడు. పోనీ తనేమైనా పచ్చని ఛాయా అంటే, ఇద్దరి రంగూ ఒకే తానులో గుడ్డ. ఆ కబురు విని రూతు దుప్పటి ముసుగేసుకుని ఏడ్చింది. ఏడుపు కొన్నాళ్లకు ఆరింది, కోపమూ చల్లారింది. చులకన మిగిలింది.

అలాంటిది, ఎనభై ఆరు ఎండాకాలంలో సుందర్ రావు తల్లి, సమాధానం అనే ముసలామె, పార్లర్ మెట్లెక్కి, కొడుకు పెళ్లికి కోడల్ని తయారు చేయమంది. పాత సంగతి ఆమెకు గుర్తే లేనట్టుంది. రానని చెప్పబోయి రూతు ఆగింది. ఈ మహానుభావుడు ఏ వెన్నెల ముక్కను తెచ్చుకుంటున్నాడో చూడాలనిపించింది.

పెళ్లిరోజు చర్చి పక్క గదిలో తెల్ల పట్టుచీర కట్టుకున్న పిల్ల తలెత్తగానే రూతుకు నవ్వాగలేదు. స్టేషన్ ఘన్‌పూర్ పిల్ల, పేరు నిర్మల. రూతు కంటే ఇంకో వన్నె నలుపు.

"రంగుదేమున్నది బిడ్డా, నువ్వు జేత్తవ్ గదా," అంది సమాధానం. "సర్కారు బడిల టీచరమ్మ. పర్మినెంటు నౌకరి."

సర్కారు జీతం ఇంత మంచి పౌడరని రూతుకు అప్పటిదాకా తెలియదు.

సమాధానం కొంగుముడి విప్పి చిన్న గాజుసీసా తీసింది. "మా అల్లుడు కువైట్ నుంచి పంపిండు. ముకమంత రాయి. ధగధగ మెరవాలె." అంటూనే వేలు సీసాలో ముంచి పిల్ల చెంప మీద బరబరా గీసింది. బంగారు పొడి సగం చెంపకంటింది, సగం తెల్లచీర మీద రాలింది.

"పెద్దమ్మా! అది కంటిరెప్పలకు. ముకానికి రాస్తే జాతరల కాయితప్పువ్వు లెక్క ఉంటది. నువ్వు జర బయట కూసో."

ముసలామెను పంపి తలుపు మూసి, రూతు ఆ చెంప తుడిచి పౌడరు డబ్బా అందుకుంది. నిర్మల ఆమె చెయ్యి పట్టుకుంది.

"అక్కా, నన్ను తెల్లగ జెయ్యకు."

"ఎందుకే?"

"ఫొటో తీసుకపోయి మా బడిపిల్లలకు చూపెట్టాలె. ఈమె ఎవలు టీచర్ అని అడుగొద్దు."

వచ్చినప్పటి నుంచి కిక్కురుమనని ఈ పిల్లను రూతు ఉత్త మట్టిముద్ద అనుకుంది. ఇప్పుడు పౌడరు డబ్బా పక్కన పెట్టి బ్రష్షుల సంచీ విప్పింది.

మెత్తటి గుండ్రటి కుచ్చు బ్రష్షుతో ఆ పొడిని ముట్టుకుంటే గాలికి లేచిపోతుంది. వెంట్రుకలు పొట్టిగా, బిరుసుగా ఉన్న చదును బ్రష్షు తీసి, కొస కొంచెం తడిపి, గుడ్డకద్దింది. రెప్పల మీద నూనెపూత లాగా రవ్వంత వాసెలిన్ రాసింది. రాలిన పొడి చర్మానికి అంటుకోకుండా కళ్ల కింద టాల్కం దట్టంగా చల్లింది. బ్రష్షు కొసతో తళుకు తీసుకుని, సీసా అంచుకు తట్టి, రెప్ప మీద ఒత్తింది. రుద్దలేదు, ఈడ్చలేదు. ఒత్తి తీసి, పక్కన మళ్లీ ఒత్తింది. చివరికి మెత్తటి కుచ్చుతో కళ్ల కింది టాల్కాన్ని, అందులో పడ్డ తళుకునూ కలిపి దులిపేసింది. నల్లటి రెప్పల మీద బంగారం నిలిచింది. తెల్లటి రెప్ప మీద అయితే ఆ పొడి పసుపు మరకలా ఉండేదని రూతుకు తెలుసు.

ఇంతలో తలుపు తోసుకుని సుందర్ రావే వచ్చాడు. తల్లి ఎక్కించి పంపినట్టుంది.

"ఇదేంది? పౌడరే గొట్టలే? పాత కోపం మనసుల వెట్టుకోని కావాల్నని జేసినవ్ గదా, రూతూ?"

రూతు నోరు తెరిచేలోపే నిర్మల అంది: "నేనే వద్దన్న. మీకు తెలుపే గావాల్నంటే చర్చి గోడకు మొన్ననే సున్నమేసిన్రు. పొయ్యి దాని పక్కన నిలవడున్రి."

అరుస్తాడనుకుంది రూతు. లేదా పెళ్లే వద్దని పోతాడేమో అనుకుంది. అలా పోయినా మనిషికి కాస్త బరువుందని ఒప్పుకునేది. అతను తలుపు వైపు చూశాడు, బయట చుట్టాల సందడి విన్నాడు.

"సరే తియ్యి," అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "రూతూ, ఆ పౌడర్ జర నాకన్న కొట్టరాదు? ఫొటోలల్ల నేనన్న మంచిగ వడాలె."

ఈ మనిషి మాటకా తాను ముసుగు పెట్టి ఏడ్చింది! రూతు డబ్బా అతని చేతిలో పెట్టింది. "నువ్వే కొట్టుకో. నీకు బ్రష్షుతోని పనిలేదు."

అతను అద్దం ముందు నిలబడి శ్రద్ధగా కొట్టుకుని, మెడ మరిచిపోయి వెళ్లిపోయాడు.

రూతు ఉండబట్టలేక అడిగింది. "చెల్లె, అన్నీ ఎరిగి ఈయన్నే ఎందుకు చేసుకుంటానవ్?"

"కాజీపేటకు ట్రాన్స్‌ఫర్ దొరుకుతదక్కా. మా అమ్మకు దవాఖాన దగ్గరైతది." నిర్మల కొంగు సర్దుకుంది. "పైగా మాట వింటడు. ఇప్పుడు జూసినవ్ గదా."

రూతు నివ్వెరపోయింది. సుందర్ రావును ఈ పిల్ల తాను కట్టినదానికంటే తక్కువగా లెక్కగట్టింది, లెక్కగట్టే తీసుకుంటోంది. జాలిపడాల్సింది ఎవరి మీదో ఆమెకు ఒక్కక్షణం తేలలేదు.

అయ్యగారు ప్రమాణాలు చదివిస్తుంటే పెళ్లికొడుకు ముఖం మీద చెమట చారలు కట్టింది. నిర్మల కళ్లు దించినప్పుడల్లా రెప్పలు మెరిశాయి.

బగారన్నం పంక్తిలో సమాధానం వచ్చి రూతు పక్కనే కూర్చుంది. "సీసల సగం గూడ ఒడువలే. మా చిన్నబిడ్డ పెండ్లికి గూడ నువ్వే రావాలె. అప్పుడన్న జర తెల్లగ జెయ్యి."

రూతు వడ్డించేవాణ్ణి పిలిచి, ఇంకో గరిటె మటన్ వేయించుకుంది.