కింది అర

నేనెప్పుడూ ఏమీ రాయలేదు. ఉత్తరాలు కూడా మా ఆయనే రాసేవాడు. చిన్నప్పుడే బడి మానేసినదాన్ని, తప్పులుంటే సర్దుకోండి.

మాంచెస్టర్‌లో కాలేజీ వెనక ఇటుకల గదిలో లెక్కలు చేసే యంత్రం ఉండేది. ఇప్పుడు కంప్యూటర్ అంటున్నారే, అదే. గది నిండా ఇనుప బీరువాలు, వాటి అరల్లో బల్బుల్లా వెలిగే మూడు వేల గాజు వాల్వులు. నేను అక్కడ ఊడ్చి, టీ కాచేదాన్ని. పొద్దున్నే ఇంజనీరు క్రాష్లీ గారు కరెంటు వేసేవారు. అప్పుడే ఏదో ఒక వాల్వు ఠప్పున పోయేది. వెలుగుతున్నంతసేపూ బాగానే ఉంటాయి, ఆర్పి వెలిగిస్తేనే పోతాయి. ఒక్కటి పోయినా రోజంతా లెక్క తప్పు.

అందుకే డోరీన్‌ని పెట్టుకున్నారు. ఇరవై రెండేళ్ల పిల్ల. సాయంత్రం యంత్రం ఆర్పేముందు వాల్వులన్నీ వేలితో తాకుతూ వెళ్లేది. మర్నాడు పోయేదాన్ని తాకితే ఆ వేలు మంచుగడ్డలా అయ్యేది. నంబరు చెప్పేది. క్రాష్లీ గారు పుస్తకంలో రాసుకుని, ఆ వాల్వుని పీకి, పని తక్కువుండే కింది అరలో పెట్టేవారు. అక్కడ అది ఏళ్లతరబడి వెలిగేది. ఆ వేలి గురించి ఎవరూ ఏమీ అనలేదు. క్రాష్లీ గారి భార్య మాత్రం దానికో ఉన్ని తొడుగు అల్లి పంపింది.

మా ఆయన వాల్టర్ పోయి అప్పటికి రెండేళ్లు. ఏడుపు రాలేదు. వేడీ చలీ కూడా తెలిసేది కాదు. కాగే కెటిల్‌ని గుడ్డ లేకుండా పట్టుకునేదాన్ని. "నెల్లీ ఆంటీవి చేతులు కావు, పట్టకార్లు" అని డోరీన్ నవ్వేది. నవ్వాలి కదా అని నేనూ నవ్వేదాన్ని.

ఒక గురువారం సాయంత్రం టీ అందిస్తుంటే డోరీన్ వేలు నా మణికట్టుకి తగిలింది. ఆమె కప్పు కింద పెట్టి, ఆ వేలిని ఉన్ని తొడుగులో దూర్చింది.

"క్రాష్లీ గారూ."

"ఏ నంబరమ్మా?" అన్నారాయన తలెత్తకుండా.

"నంబరు కాదండీ. నెల్లీ ఆంటీ."

పెన్సిలు ఆగింది. తర్వాత ఆయన వాల్వుల నంబర్ల కిందే రాశారు: నెల్లీ, మార్చాలి.

"అయితే రేపు లేవనన్నమాట. పోన్లే, శుక్రవారమని ఊరంతా వండే చేపల వాసన తప్పుతుంది" అన్నాను.

"ఊరుకో ఆంటీ. తమ్ముడు పెళ్లి చేసుకుని పోయాడు, మా ఇంట్లో కింది గది ఖాళీ. మా అమ్మ గొణుగుతుంది, పట్టించుకోకు."

"మరి మా ఇల్లో?"

"ఒక్కదానివి, ఆ ఇంట్లో నీకంత పనేముంది?" అన్నారు క్రాష్లీ గారు.

చెప్పాను. రోజూ రాత్రి వాల్టర్‌కి కూడా వడ్డిస్తాను. ఎదురుగా కూర్చుంటాను. చల్లారాక ఆ కంచం తీసి కడుగుతాను.

ఆయన లేచి నా కోటు తెచ్చి, తొడుక్కోవడానికి పట్టుకున్నారు.

డోరీన్ వాళ్లమ్మ తలుపు తీసి నన్ను కిందికీ మీదికీ చూసింది. "దుప్పట్లు సరిగా ఆరలేదు. ముందే చెబుతున్నా" అంది.

మర్నాడు పొద్దున్న ఆ దుప్పట్లలోనే కళ్లు తెరిచాను. వంటగదిలోకి వెళ్లి నీళ్లు పెట్టాను. మా ముగ్గురికీ మూడు కప్పులు తీశాను. వాల్టర్‌కని నాలుగోది తీయలేదు. అలవాటుగా కెటిల్‌ని వట్టి చేత్తో పట్టుకున్నాను. కాలింది. అమ్మా అని అరిచాను.

"పొద్దున్నే ఏంటా గోల?" అంది పైనుంచి డోరీన్ వాళ్లమ్మ.

నేను గుడ్డ కోసం వెతికాను.